మ్యూనిక్ యూనివర్సిటీలో ఏ పనికి ఏ తలుపు తట్టాలి: తిరుపతి, చిత్తూరు విద్యార్థుల కోసం

తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ)లో ఎమ్మెస్సీ చేసినవారైనా, చిత్తూరు పక్క ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ చేసినవారైనా, జర్మనీకి దరఖాస్తు పెట్టేటప్పుడు మార్కుల దగ్గర కంటే ఎవరికి రాయాలన్న దగ్గర ఎక్కువ తడబడతారు. మనకు తెలిసిన యూనివర్సిటీలో పైన వైస్ ఛాన్సలర్, పక్కన రిజిస్ట్రార్, పరీక్షలకు ఎగ్జామినేషన్స్ బ్రాంచి, కింద అనుబంధ కాలేజీలు ఉంటాయి. జర్మనీ పాత యూనివర్సిటీ ఇలా పెరగలేదు. అక్కడ చాలా నిర్ణయాలు ఫ్యాకల్టీలోనూ (అంటే విభాగాల సముదాయంలోనూ), అంతకంటే కింద ఒక్కో ప్రొఫెసర్ పీఠంలోనూ జరుగుతాయి. పైవాళ్లకు రాస్తే మర్యాదగా జవాబు వస్తుంది కానీ పని కదలదు.

అందుకే ముందు ఆ యూనివర్సిటీ నిర్మాణం ఎలాంటిదో చూద్దాం, దరఖాస్తు సంగతి తర్వాత. మ్యూనిక్‌లోని లుడ్విగ్ మాక్సిమిలియన్ యూనివర్సిటీని, అంటే అందరూ పిలిచే ఎల్‌ఎంయూని, నమూనాగా తీసుకుంటున్నాం. 550 ఏళ్లు దాటిన చరిత్ర, 18 ఫ్యాకల్టీలు, 50 వేలకు పైగా విద్యార్థులు. ఇది అర్థమైతే హైడెల్‌బర్గ్, ట్యూబింగన్, లైప్‌జిగ్ లాంటి పాత యూనివర్సిటీల గుట్టు చాలావరకు అర్థమవుతుంది.

సరైన యూనివర్సిటీకేనా పెడుతున్నారు?

మ్యూనిక్‌లో రెండు పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలున్నాయి. ఒకటి ఎల్‌ఎంయూ. రెండోది 1868లో మొదలైన టెక్నికల్ యూనివర్సిటీ, టీయూఎం. రెండింటికీ పోర్టళ్లు వేరు, నియమాలు వేరు, ఫీజులు కూడా వేరు. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఎల్‌ఎంయూలో లేవు. ఆ బ్రాంచిల్లో బీటెక్ చేసి అదే దారిలో మాస్టర్స్ చేయాలనుకుంటే టీయూఎం వైపు చూడాలి. కంప్యూటర్ సైన్స్, గణితం, స్టాటిస్టిక్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఫార్మసీ, బయాలజీ, జియాలజీ, వైద్యం, పశువైద్యం, లా, ఎకనామిక్స్, చరిత్ర, భాషలు కావాలంటే ఎల్‌ఎంయూ.

ఫీజు విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. జర్మనీలో ఉన్నత విద్య కేంద్రం చేతిలో లేదు, రాష్ట్రాల చేతిలో ఉంది. అందుకే "జర్మనీలో ఫీజు లేదు" అన్న మాట గుడ్డిగా నమ్మితే దెబ్బ తింటారు. హైడెల్‌బర్గ్, ఫ్రైబుర్గ్, ట్యూబింగన్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. బవేరియా 2013లో ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. తర్వాత వచ్చిన కొత్త చట్టం, బయటి దేశాల వారికి ఫీజు పెట్టాలా వద్దా అన్నది యూనివర్సిటీలకే వదిలేసింది. ఆ వెసులుబాటుతో టీయూఎం 2024 శీతాకాలం నుంచి ఫీజు పెట్టింది. కాబట్టి రాష్ట్రం చూడండి, ఆ తర్వాత యూనివర్సిటీ చూడండి, చివరగా మీ కోర్సు పేజీ చూడండి. కొన్ని ప్రత్యేక మాస్టర్స్ కోర్సులకు విడిగా ఫీజు ఉంటుంది.

చరిత్ర ఎందుకు తెలియాలంటే

1459లో పోప్ రెండో పయస్ అనుమతి ఇస్తే, 1472లో బవేరియా-లాండ్స్‌హూట్ డ్యూక్ తొమ్మిదో లుడ్విగ్ ఇంగోల్‌స్టాడ్ పట్టణంలో ఈ యూనివర్సిటీని తెరిచాడు. మన దగ్గర చంద్రగిరి సాళువ నరసింహుడి చేతిలో ఉండి, అన్నమయ్య తిరుమలలో సంకీర్తనలు కడుతున్న కాలం అది. అప్పుడున్నవి నాలుగు ఫ్యాకల్టీలు: మతశాస్త్రం, న్యాయం, వైద్యం, వాటికి కింద ఆర్ట్స్. వ్యాకరణం, తర్కం, గణితం, ఖగోళం ఆర్ట్స్‌లో చదివి గట్టెక్కితేనే పై మూడింటిలోకి ప్రవేశం. తర్వాత ఈ కింది ఫ్యాకల్టీయే ఫిలాసఫీ ఫ్యాకల్టీగా ఎదిగింది. సాహిత్యం, చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు దాని కడుపులోంచే విడివడ్డాయి. ఇవాళ్టి 18 ఫ్యాకల్టీలు అలా చీలుతూ, చేరుతూ వచ్చినవే. వాటికి వరస నంబర్లు కూడా ఉన్నాయి. కాథలిక్ మతశాస్త్రం 1, జియోసైన్సెస్ 20. మధ్యలో 6, 14 ఖాళీ. ఈ నంబర్లు కాగితాల మీద కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

1800లో ఫ్రెంచి సైన్యం భయంతో యూనివర్సిటీని లాండ్స్‌హూట్‌కు మార్చారు. 1802లో స్థాపకుడు లుడ్విగ్ పేరు, అప్పటి పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ పేరు కలిపి ఇప్పటి పేరు పెట్టారు. 1826లో రాజు మొదటి లుడ్విగ్ మ్యూనిక్‌కు తెచ్చాడు. ఫ్రీడ్రిష్ ఫాన్ గేర్ట్‌నర్ కట్టిన ప్రధాన భవనం 1840లో సిద్ధమైంది. 1903లో బవేరియా యూనివర్సిటీల్లో ఆడవాళ్లకు పూర్తి ప్రవేశం దొరికింది. జర్మనీలో యూనివర్సిటీ అధ్యాపక అర్హత సంపాదించిన మొదటి మహిళ అడెల్ హార్ట్‌మన్, 1918లో, ఇక్కడి వైద్య ఫ్యాకల్టీలోనే.

ఈ చరిత్రలో ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సిన రోజు 1943 ఫిబ్రవరి 18. ఆ రోజు హాన్స్ షోల్, సోఫీ షోల్ అనే అన్నాచెల్లెళ్లు హిట్లర్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాసిన కరపత్రాలను ప్రధాన భవనంలో తరగతి గదుల ముందు పెట్టి, మిగిలిన కట్టను పై అంతస్తు నుంచి కిందకు వదిలారు. భవనం కాపలాదారు చూసి పట్టించాడు. ఫిబ్రవరి 22న వాళ్లిద్దరికీ, స్నేహితుడు క్రిస్టాఫ్ ప్రోబ్స్ట్‌కూ తల నరికి మరణశిక్ష అమలు చేశారు. ఆ కరపత్రం రాసిన ప్రొఫెసర్ కుర్ట్ హూబర్‌ను జూలై 13న చంపారు. యూనివర్సిటీ చిరునామాలో ఉండే "గెష్విస్టర్ షోల్ ప్లాట్స్" ఆ అన్నాచెల్లెళ్ల పేరిట ఉన్న కూడలి. ప్రధాన ద్వారం ముందు నేలలో ఆ కరపత్రాల ప్రతులను పలకలుగా పొదిగారు, గాలికి రాలిన కాగితాల్లా చెల్లాచెదురుగా. మొదటిసారి వెళ్లినప్పుడు అడుగు చూసి వేయండి.

ఇది కేవలం స్మారకం కాదు. యూనివర్సిటీ నడిచే తీరులో దీని జాడ ఉంది. నాజీ కాలంలో పాలక మండళ్ల అధికారం తీసేసి యూనివర్సిటీ అధిపతి అయిన రెక్టార్‌ను పైనుంచి నియమించారు, ఆయన మాటే శాసనం. ఆ అనుభవం తర్వాత 1949 రాజ్యాంగం ఐదో అధికరణం మూడో క్లాజులో పరిశోధన, బోధన స్వేచ్ఛను ప్రాథమిక హక్కుగా రాశారు. అంటే ఒక ప్రొఫెసర్ ఏం పరిశోధించాలో, క్లాసులో ఏం చెప్పాలో, ఎవరిని పీహెచ్‌డీకి తీసుకోవాలో యూనివర్సిటీ ప్రెసిడెంట్ కూడా ఆదేశించలేరు. సిఫారసు ఉత్తరాలు పై నుంచి తెప్పించినా అక్కడ పనిచేయకపోవడానికి మూలం ఇదే.

ఎవరి చేతిలో ఏముంది

యూనివర్సిటీ బవేరియా రాష్ట్ర ప్రభుత్వానిది. డబ్బు రాష్ట్రానిది, ప్రొఫెసర్లలో ఎక్కువమంది రాష్ట్ర ఉద్యోగులు. పైన ప్రెసిడెంట్, కొందరు వైస్ ప్రెసిడెంట్లు, ఛాన్సలర్ ఉంటారు. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. మన దగ్గర ఛాన్సలర్ అంటే గవర్నర్ గారు. అక్కడ ఛాన్సలర్ అంటే బడ్జెట్, సిబ్బంది, భవనాలు చూసే పాలనాధికారి. మన రిజిస్ట్రార్‌కు కాస్త దగ్గర. అడ్మిషన్ ఉత్తరం ఆయన బల్ల మీదకు చేరడం వల్ల ఏ లాభమూ లేదు.

ప్రెసిడెంట్‌ను యూనివర్సిటీ కౌన్సిల్ ఎన్నుకుంటుంది, రాష్ట్ర మంత్రి నియమిస్తారు. ఆ కౌన్సిల్‌లో యూనివర్సిటీ బయటి సభ్యులు కూడా ఉంటారు. సెనేట్‌లో ప్రొఫెసర్లు, పరిశోధక సిబ్బంది, ఇతర ఉద్యోగులు, విద్యార్థులు అందరికీ ప్రతినిధులుంటారు. అయితే పరిశోధన, నియామకాల విషయాల్లో ప్రొఫెసర్ల మాటే నెగ్గేలా ఓట్లు ఉండాలని 1973లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఫ్యాకల్టీ కౌన్సిల్‌లోనూ అదే పద్ధతి. డీన్‌ను ఫ్యాకల్టీ కౌన్సిలే ఎన్నుకుంటుంది.

మన కాలేజీల్లో ఫ్యాకల్టీ అని అధ్యాపకులను అంటాం, ఇక్కడ అది విభాగాల సముదాయం. ఫ్యాకల్టీ కింద డిపార్ట్‌మెంట్లు లేదా ఇన్‌స్టిట్యూట్లు, వాటి కింద ప్రొఫెసర్ పీఠాలు. జర్మన్‌లో ఈ పీఠాన్ని లేర్‌స్టూల్ అంటారు. ఒక పీఠం అంటే ఒక ప్రొఫెసర్, ఒక సెక్రటరీ, కొందరు పీహెచ్‌డీ విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవారు), వాళ్లకంటూ కొంత డబ్బు, గదులు, సైన్స్ అయితే ల్యాబ్. యూనివర్సిటీలో అసలు పని జరిగే చోటు ఇదే. ప్రొఫెసర్ల వేతన శ్రేణులు డబ్ల్యూ1, డబ్ల్యూ2, డబ్ల్యూ3. పీఠం పట్టుకున్నవారు సాధారణంగా డబ్ల్యూ3. డబ్ల్యూ1 అంటే జూనియర్ ప్రొఫెసర్. పీహెచ్‌డీకి మార్గదర్శకులను వెతికేటప్పుడు జూనియర్ ప్రొఫెసర్లను వదిలేయకండి. వాళ్లకు విద్యార్థులు కావాలి, జవాబులు కూడా త్వరగా ఇస్తారు. పేరు పక్కన పీడీ అని ఉంటే ఆయన అధ్యాపక అర్హత పరీక్ష పూర్తిచేసినవారు, పీఠం మాత్రం ఇంకా రానివారు. ప్రొఫెసర్ పదవికి అదే యూనివర్సిటీలో సొంతవాళ్లను పెంచి కూర్చోబెట్టే పద్ధతి అక్కడ సాధారణంగా ఉండదు, బయటి నుంచి పిలుస్తారు. అందుకే మంచి పరిశోధకులు రెండు మూడేళ్లకే వేరే ఊరికి వెళ్లిపోవచ్చు. రాసేముందు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారో లేదో ఇన్‌స్టిట్యూట్ పేజీలో చూడండి.

ఎస్వీయూ లాగా అనుబంధ కాలేజీలు ఎల్‌ఎంయూకి లేవు. పాఠం చెప్పినవారే ప్రశ్నపత్రం పెడతారు, వాళ్లే దిద్దుతారు. రీవాల్యుయేషన్ ఫీజు కట్టి కూర్చోవడం ఉండదు. ఫలితాల తర్వాత ఒక రోజు ప్రకటించి, దిద్దిన పేపరు మీ ముందు పెడతారు. అనుమానం ఉంటే అక్కడే అడగాలి. ఆ రోజు దాటితే మళ్లీ అడగడం కష్టం.

హాస్టల్ కూడా యూనివర్సిటీది కాదు. హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపేది స్టూడెంట్ సర్వీసెస్ అనే వేరే ప్రభుత్వ సంస్థ, జర్మన్‌లో స్టుడీరెండెన్‌వెర్క్. గది కోసం దరఖాస్తు వాళ్లకు పెట్టాలి. అడ్మిషన్ వచ్చింది కదా, గది అదే వస్తుందని కూర్చుంటే మ్యూనిక్ అద్దెలు తడిసి మోపెడవుతాయి. అక్కడ గది కోసం నిరీక్షణ సెమిస్టర్ల లెక్కన ఉంటుంది, వీలైనంత ముందే పేరు పెట్టాలి.

క్యాంపస్ ఒక్కచోట ఉండదు

ఎస్వీయూలో ప్రకాశం భవన్ నుంచి సైన్స్ బ్లాకులకు నడిచి వెళ్లొచ్చు. ఎల్‌ఎంయూ నగరమంతా చెదిరి ఉంటుంది. ప్రధాన భవనం నగరం నడుమ, మెట్రోలో యూ3, యూ6 లైన్ల మీద యూనివర్సిటేట్ స్టేషన్ దగ్గర. కెమిస్ట్రీ, ఫార్మసీ, బయాలజీ, పెద్దాసుపత్రి నైరుతి వైపు గ్రోస్‌హాడెర్న్-మార్టిన్స్‌రీడ్‌లో. ఫిజిక్స్‌లో కొంత నగరంలో, కొంత ఉత్తరాన గార్షింగ్‌లో. పశువైద్యంలో కొంత ఓబర్‌ష్లైస్‌హైమ్‌లో. మీ కోర్సు ఎక్కడ జరుగుతుందో చూడకుండా గది తీసుకుంటే రోజూ రెండు గంటలు రైల్లోనే పోతాయి. యూ6 లైను గ్రోస్‌హాడెర్న్‌నూ, నగరాన్నీ, గార్షింగ్‌నూ కలుపుతుంది కాబట్టి ఆ లైను పక్కన గది వెతకడం తెలివైన పని.

ఇక్కడి నుంచి కాగితాలు

మాస్టర్స్‌కైతే మొదట చూడాల్సింది మీ కోర్సు నడిపే ఫ్యాకల్టీ పేజీ. చాలా మాస్టర్స్ కోర్సులకు అర్హత పరీక్షించేది ఫ్యాకల్టీలోని ఒక కమిటీ. వాళ్లు ఔనన్న తర్వాత విదేశీ విద్యార్థుల చేరిక పని ఇంటర్నేషనల్ ఆఫీసుది. రెండు చోట్లా రెండు గడువులు ఉండొచ్చు. ఒకచోట దరఖాస్తు పెట్టి రెండోచోట మరిచిపోవడం వల్ల ఏడాది పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. బ్యాచిలర్స్‌కు శీతాకాల సెమిస్టర్ గడువు సాధారణంగా జూలై 15. మాస్టర్స్ గడువులు కోర్సుకో రకం, కొన్ని దానికి నెలల ముందే ముగిసిపోతాయి.

మొదటి చిక్కు యూనివర్సిటీ పేరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువ వాటి డిగ్రీ ఇచ్చేది అనంతపురం జేఎన్‌టీయూ. డిగ్రీ కాలేజీలకు ఎస్వీయూ. దరఖాస్తులో "డిగ్రీ ఇచ్చిన సంస్థ" అన్న గడిలో కాలేజీ పేరు కాకుండా డిగ్రీ పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరు రాయాలి. జర్మనీవాళ్లు విదేశీ సంస్థలను అనాబిన్ అనే డేటాబేస్‌లో చూస్తారు. అక్కడ హెచ్ ప్లస్ గుర్తు ఉంటే గుర్తింపు ఉన్నట్టు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే మార్కుల మెమో కాలేజీ ఇచ్చినా పట్టా యూనివర్సిటీదే, రెండూ జతపరచండి.

రెండో చిక్కు మీ పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇది రాయలసీమలో ఇంటింటా ఉన్న గొడవే. దరఖాస్తు పాస్‌పోర్టు ప్రకారమే నింపండి. తేడా ఉంటే నోటరీ అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే దరఖాస్తు పెట్టడానికి ముందే సరిచేయించుకోవడం మేలు, తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. జిల్లా పేరు గురించి కూడా అడుగుతుంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా, ఆధార్‌లో తిరుపతి జిల్లా ఉండటం సహజం. పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే రాయండి, కొత్త జిల్లా పేరు మీరు చేర్చకండి.

మూడోది ఏపీఎస్. 2022 నవంబర్ 1 నుంచి మన దేశ విద్యార్థుల కాగితాలను న్యూఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ స్టూడెంట్ వీసాకు కావాలి. చాలా యూనివర్సిటీలు దరఖాస్తుతోనే అడుగుతాయి. కాబట్టి కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్ చేతికొచ్చిన వెంటనే ఏపీఎస్ మొదలుపెట్టాలి. చివరి సెమిస్టర్‌లో ఉన్నా అప్పటివరకు వచ్చిన మెమోలతో పెట్టొచ్చు. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) కోసం స్నాతకోత్సవం దాకా ఆగకండి, ప్రొవిజనల్ సరిపోయే చోట దానితోనే ముందుకెళ్లండి. వీసాకు మన రాష్ట్రం చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. జర్మన్ భాష పరీక్షలకు దగ్గరి కేంద్రం కూడా చెన్నై మాక్స్ ముల్లర్ భవనే. వీసాకు ఏడాది ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపాలి: 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, నెలకు 992.

ఇంటర్మీడియట్ తోనే బ్యాచిలర్స్‌కు వెళ్లాలనుకునేవారికి దారి ఇరుకు. మన పన్నెండో తరగతి ఒక్కటే అక్కడి యూనివర్సిటీ ప్రవేశానికి సమానం కాదు. ఇక్కడ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఒక ఏడాది డిగ్రీ పాసైతే అదే సబ్జెక్టులో నేరుగా వీలవుతుంది. లేదంటే స్టుడీన్‌కొలెగ్ అనే ఏడాది తయారీ కోర్సు చేయాలి. బ్యాచిలర్స్‌లో చాలావరకు బోధన జర్మన్‌లోనే.

మార్కుల లెక్క

జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మన మార్కులను సవరించిన బవేరియన్ సూత్రంతో మారుస్తారు. గరిష్ఠ గ్రేడులోంచి మీ గ్రేడు తీసేయండి. గరిష్ఠంలోంచి పాస్ గ్రేడు తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 3తో గుణించి, 1 కలపండి. ఉదాహరణకు మీ సీజీపీఏ 7.6, గరిష్ఠం 10, పాస్ 4 అనుకుందాం. 2.4ను 6తో భాగిస్తే 0.4, మూడుతో గుణిస్తే 1.2, ఒకటి కలిపితే 2.2. పాస్ గ్రేడు 5 అయితే అదే 7.6 కాస్తా 2.44 అవుతుంది. కోర్సు హద్దు 2.3 అని ఉంటే మొదటి లెక్కలో లోపల, రెండో లెక్కలో బయట. కనిష్ఠ పాస్ గ్రేడు మీరు అనుకున్నది కాకుండా మీ మెమో వెనక గానీ, మీ బ్యాచి రెగ్యులేషన్‌లో గానీ ఉన్నదే వేయాలి. మెమో మీద లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి గ్రేడింగ్ విధానం రాసిన పత్రం తీసుకుని జతచేయండి. చాలామంది మెమో ముందు వైపే స్కాన్ చేస్తారు. వెనక వైపు లేకపోతే అక్కడి కమిటీ తనకు తోచిన కనిష్ఠం వేసుకుంటుంది.

తర్వాత క్రెడిట్లు. జర్మనీ లెక్క ఈసీటీఎస్ అనే యూరప్ ఉమ్మడి క్రెడిట్ పద్ధతిలో: సెమిస్టర్‌కు 30, బ్యాచిలర్స్‌కు 180, మాస్టర్స్‌కు సాధారణంగా 120. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, క్లాసు, చదువు, పరీక్ష అన్నీ కలిపి. ఈ పద్ధతి 1999 బొలోన్యా ఒప్పందం తర్వాత వచ్చింది. అంతకు ముందున్న డిప్లొమ్, మగిస్టర్ డిగ్రీల స్థానంలో బ్యాచిలర్స్, మాస్టర్స్ పెట్టారు. లా, వైద్యం, పశువైద్యం, ఫార్మసీ మాత్రం ఇప్పటికీ ప్రభుత్వ పరీక్ష దారిలోనే ఉన్నాయి. మాస్టర్స్ ప్రవేశంలో కమిటీ చూసేది మొత్తం క్రెడిట్ల కంటే సబ్జెక్టు క్రెడిట్లను. "గణితంలో 20 ఈసీటీఎస్" అని అడిగితే మీ మెమోలోని గణితం పేపర్లు, వాటి సిలబస్, గంటలు చూపాలి. సిలబస్ పుస్తకంలోంచి ఆ పేజీలు తీసి, మెమోలో ఉన్న పేపరు పేరుతో సరిపోయేలా వరసగా పెట్టిన ఒక పీడీఎఫ్ తయారుచేయండి. తిరస్కారాల్లో చాలా భాగం ఈ ఒక్క కాగితం లేక వచ్చేవే.

తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి, ఆచార్య చేసినవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఎల్‌ఎంయూలో సంస్కృతాధ్యయనం చాలా పాతది. పుణెలో సంస్కృతం బోధించిన మార్టిన్ హౌగ్ 1868లో మ్యూనిక్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఇప్పుడు ఇండాలజీ, టిబెటాలజీ ఇన్‌స్టిట్యూట్ కల్చరల్ స్టడీస్ ఫ్యాకల్టీలో ఉంది. శాస్త్రి బీఏకు, ఆచార్య ఎంఏకు సమానమని రాసిన పత్రం మీ యూనివర్సిటీ నుంచి తీసుకుని జతపరచండి, లేకపోతే అది ఏ స్థాయి డిగ్రీయో అక్కడివారికి తెలియదు. వాళ్లు చూసేది వ్రాతప్రతులు చదివి పాఠం పరిష్కరించే నేర్పు. ఎస్వీయూ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాల మీద పనిచేసిన అనుభవం ఉంటే దాన్ని పై వరసలోనే రాయండి. గ్రంథ, నంది నాగరి, తెలుగు లిపుల్లో చదవగలగడం యూరప్‌లో అరుదైన సంపద.

పీహెచ్‌డీకి రాసే ఉత్తరం

పీహెచ్‌డీకి అక్కడ మన ఆర్‌సెట్ లాంటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష లేదు. ముందు ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. తర్వాత ఆ ఫ్యాకల్టీ డాక్టరేట్ నియమావళి ప్రకారం డీన్ కార్యాలయం మిమ్మల్ని అభ్యర్థిగా స్వీకరించాలి. ఆ తర్వాతే యూనివర్సిటీలో నమోదు. డాక్టరేట్ ఇచ్చే పని ఫ్యాకల్టీది కాబట్టి ఒకే సబ్జెక్టుకు ఫ్యాకల్టీని బట్టి నియమాలు మారతాయి. కొన్ని గ్రాడ్యుయేట్ స్కూళ్లలో మాత్రం ప్రకటన, ఇంటర్వ్యూ పద్ధతి ఉంటుంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మొదటి రెండు వాక్యాల్లో ఆ ప్రొఫెసర్ ఇటీవలి పరిశోధన వ్యాసాల్లో దేనితో మీ పని కలుస్తుందో చెప్పాలి. తర్వాత మీరు చేసిన ప్రాజెక్టు, వాడిన పద్ధతి, మీరు అడగాలనుకున్న ప్రశ్న. నిధులు ఎక్కడి నుంచో స్పష్టంగా రాయండి: స్కాలర్‌షిప్‌కు పెడుతున్నారా, ఉద్యోగంగా అడుగుతున్నారా. ఉద్యోగమైతే అది ప్రభుత్వ వేతన ఒప్పందంలో ఈ13 శ్రేణి, చాలాసార్లు సగం లేదా మూడొంతుల్లో రెండొంతుల పని గంటలకు. జీవిత సంగ్రహం, మెమోలు, రెండు పేజీల పరిశోధన ప్రతిపాదన కలిపి ఒకే పీడీఎఫ్. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టకండి, ప్రొఫెసర్ అని ఇంటిపేరు రాయండి. ఆడవాళ్లకు కూడా సర్ అని వెళ్లే ఉత్తరాలు లెక్కలేనన్ని, అవి చదవకుండానే పక్కకు పోతాయి. ఒకే ఉత్తరం ముప్పైమందికి పంపితే ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఇద్దరు భోజనం దగ్గర అదే మాట అనుకుంటారు, ఇక అక్కడ మీ పేరు చెల్లదు. మూడు వారాలు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి, అంతకు మించి వద్దు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో చాలామంది సెలవుల్లోనో సదస్సుల్లోనో ఉంటారు.

చేరాక పట్టించుకోవాల్సినవి

శీతాకాల సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు, క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి తొలి వారాల వరకు. వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు, క్లాసులు ఏప్రిల్ మధ్య నుంచి జూలై దాకా. క్లాసులు లేని నెలలు పూర్తి సెలవులు కావు, పరీక్షలు, రాత పనులు ఎక్కువగా అప్పుడే పడతాయి. అప్పుడు ఇంటికి టికెట్ కొనేముందు పరీక్షల తేదీలు చూడాలి.

టైంటేబుల్‌లో "10 సి.టి." అని ఉంటే క్లాసు 10:15కి మొదలు. "10 ఎస్.టి." అని ఉంటే సరిగ్గా పదికి. పరీక్షలు తరచు ఎస్.టి. క్లాసు అయ్యాక చప్పట్లు కొట్టరు, వేలి కణుపులతో బల్ల మీద తడతారు.

ప్రతి సెమిస్టర్ చివర తర్వాతి సెమిస్టర్ రుసుము నిర్ణీత వారాల్లో కట్టాలి. అది ట్యూషన్ ఫీజు కాదు, స్టూడెంట్ సర్వీసెస్ వాటా. మొత్తం చిన్నదే అయినా గడువు దాటితే నమోదు రద్దు చేస్తారు, దానితో పాటు వీసా చిక్కులో పడుతుంది. డబ్బు పంపేటప్పుడు వాళ్లు ఇచ్చిన రిఫరెన్స్ నంబరు పొల్లుపోకుండా రాయండి. నంబరు తప్పితే డబ్బు చేరినా మీ పేరుకు జమ కాదు.

ఇక చాలామందిని దెబ్బతీసేది పరీక్ష నమోదు. క్లాసుకు పేరు ఇచ్చినంత మాత్రాన పరీక్షకు ఇచ్చినట్టు కాదు. పరీక్షకు విడిగా, వేరే తేదీల్లో, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఆ కొద్ది రోజులు దాటితే అప్పటికి ఎంత చదివినా ఆ సెమిస్టర్ పరీక్ష లేదు. సప్లిమెంటరీలు మన దగ్గరలా ఎన్నిసార్లైనా రాసే వీలు ఉండదు. ఒక్కో పేపరుకు ఎన్ని ప్రయత్నాలో మీ కోర్సు పరీక్షా నియమావళిలో రాసి ఉంటుంది. చివరి ప్రయత్నంలోనూ పోతే ఆ కోర్సు అక్కడితో ఆగిపోతుంది, జర్మనీలో మరో యూనివర్సిటీలో అదే సబ్జెక్టులో చేరడం కూడా చాలా కష్టం. కాబట్టి చేరిన మొదటి వారమే ఆ నియమావళిని డౌన్‌లోడ్ చేసుకోండి. ఒకే కోర్సుకు ఏడాదిని బట్టి రెండు మూడు నియమావళులు ఉంటాయి, మీరు చేరిన ఏడాదిది ఏదో పరీక్షల కార్యాలయంలో అడిగి ఖాయం చేసుకోండి. జర్మన్ ప్రతికే చట్టబద్ధత. ఇంగ్లీషు అనువాదం సమాచారం కోసమే. అర్థం కాని చోట మీ సబ్జెక్టు విద్యార్థి సంఘం, ఫాఖ్‌షాఫ్ట్ అంటారు, దాని గదికి వెళ్లండి. పాత ప్రశ్నపత్రాలు కూడా అక్కడే దొరుకుతాయి.